మన వైపు ఏ నెలలో ఏది తుమ్మిస్తుంది

కార్తీకం దాటి మంచు మొదలైందంటే మన వైపు, అంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో, పొద్దున్నే వీధికి నాలుగిళ్లలో తుమ్ములు వినపడతాయి, అదీ ఆగకుండా వరసగా. కళ్లు ఎర్రబడి ఉంటాయి, ముక్కు నుంచి నీళ్లలాగా కారుతుంటుంది, అంగిట్లో దురద, చెవుల్లో దురద. ఏమైందని అడిగితే అందరిదీ ఒకటే మాట, మంచుకి రొంప పట్టింది అని. వారం పదిరోజుల్లో పోవాల్సిన రొంప ఉగాది దాకా ఎందుకుంటుందో, పోయినేడు కూడా సరిగ్గా ఈ నెలలోనే ఎందుకు పట్టిందో మాత్రం ఎవరూ అడగరు.

నేను పుట్టి పెరిగింది పొదిలి దగ్గర మెట్ట ఊళ్లో, ఉద్యోగం నెల్లూరులో. ఇది రొంప కాదు, గాల్లోని పుప్పొడి, బూజు, దుమ్ము పడక వచ్చే ముక్కు ఎలర్జీ. ఈ తుమ్ములు నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి, మా అక్కకి ఉన్నాయి, ఇప్పుడు అక్క కూతురికీ వచ్చాయి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ, ఇది కుటుంబాల్లో నడుస్తుంది. అందుకే దీని మీద చదవగలిగినంత చదివాను, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ప్రశ్నలు రాసుకుని వెళ్లి అడిగాను. నాకు అర్థమైంది ఏంటంటే, మందు కన్నా ముందు మనకి క్యాలెండర్ కావాలి. మనల్ని తుమ్మించేది ఏ నెలలో గాల్లోకి వస్తుందో తెలిస్తే దానికి రెండు వారాల ముందే మందు మొదలుపెట్టొచ్చు, ఆ సీజన్ చాలా తేలిగ్గా గడిచిపోతుంది. తెలియకపోతే ప్రతి ఏడూ ముదిరాక ఇంజెక్షన్ కోసం పరిగెత్తడమే.

పుస్తకాల్లో, ఇంటర్నెట్లో దొరికే క్యాలెండర్ మనకి పనికిరాదు. వసంతంలో చెట్లు, జూన్‌లో గడ్డి అని రాసి ఉంటుంది, అది ఇంగ్లండ్ లెక్క. ఈ జబ్బు గురించి తొలిసారి వివరంగా చెప్పినవాడు జాన్ బోస్టాక్ అనే డాక్టరు, 1819లో లండన్‌లో డాక్టర్ల సభలో తన సొంత బాధే చదివి వినిపించాడు, ప్రతి వేసవిలో జూన్ వచ్చేసరికి కళ్లూ ముక్కూ ఎలా అయిపోతాయో. కారణం ఎండ వేడి అనుకున్నాడు పాపం. గడ్డి పుప్పొడే కారణమని తేల్చింది మాంచెస్టర్‌లో ఉండే చార్లెస్ బ్లాక్లీ అనే ఇంకో డాక్టరు, ఆయనకీ ఇదే బాధ, పుప్పొడి తీసి తన మీదే పరీక్షించుకుని, గాలిపటాలు ఎగరేసి పైగాల్లో ఎంత పుప్పొడి ఉందో కూడా లెక్కగట్టి 1873లో పుస్తకం వేశాడు. బాధపడ్డవాళ్లే పట్టుబట్టి కారణం వెతికారు, అది నాకు చాలా నచ్చుతుంది.

మన లెక్క వేరు. నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలే తెస్తాయి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ప్రకాశంలో నైరుతి వాన కూడా కొంత పడుతుంది కానీ అక్కడా అక్టోబరు, నవంబరు వానలే ముఖ్యం. కాబట్టి మిగతా దేశంలో వానలు అయిపోయి కలుపు ఎండిపోయే వేళకి మన దగ్గర అప్పుడే మొలుస్తుంది. ఆ మొలిచిన గడ్డీ గాదం అంతా పూతకొచ్చేది డిసెంబరు, జనవరిల్లో, సరిగ్గా మంచు పడే రోజుల్లో. అందుకే పాపం మంచు మీద పడుతుంది.

మా మెట్ట ప్రాంతం సంగతి ముందు చెప్తాను. పొదిలి, కనిగిరి, దర్శి వైపు రోడ్డుకి రెండు పక్కలా, బీడు భూముల్లో, ఎండిపోయిన చెరువుల్లో ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే, మా ఊళ్లో చిల్లకంప అంటాం. ఎండలు మొదలయ్యే వేళకి దానికి పచ్చటి కంకుల్లాంటి పూత వస్తుంది, దాని పుప్పొడి చాలామందికి పడదు. సజ్జ, జొన్న కంకి వేసే రోజుల్లో ఆ చేల పక్కన నడిస్తేనే కొందరికి కళ్లు వాచిపోతాయి, ఎందుకంటే అవీ గడ్డి జాతే, పుప్పొడిని గాలికే వదులుతాయి. ఆముదం కూడా అంతే. ఇక దొడ్లల్లో, పెంటదిబ్బల పక్కన పెరిగే ముళ్లతోటకూరని ఎవరూ పట్టించుకోరు కానీ అది కూడా ఈ జాబితాలో ఉన్నదే.

మా నాయన పొగాకు వేసేవాడు. జనవరి నుంచి ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు వెలిగితే ఊరంతా కట్టెల పొగ, ఆ తర్వాత ఆకు విడదీసి గ్రేడింగ్ చేసేటప్పుడు షెడ్డులో పొగాకు దుమ్ము. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పొగ ఎలర్జీ వస్తువు కాదు, అది మంట పుట్టించేది. కానీ పుప్పొడి వల్ల అప్పటికే లోపల వాచి ఉన్న ముక్కుకి పొగ తగిలితే బాధ రెట్టింపవుతుంది, ఎలర్జీ లేనివాళ్లు అదే పొగలో మామూలుగా తిరుగుతుంటే మనం మాత్రం నిలబడలేం. గ్రేడింగ్‌కి వెళ్లే ఆడవాళ్లు చీర కొంగు ముక్కుకి కట్టుకుంటారు, కొంగు కన్నా సరిగ్గా అంటుకుని ఉండే ఎన్95 మాస్కు చాలా నయం, కరోనా తర్వాత అది ప్రతి మందుల షాపులో దొరుకుతోంది.

చీమకుర్తి గ్రానైట్ దగ్గరా, మార్కాపురం పలకల పనిలోనూ ఉన్నవాళ్లు దగ్గునీ ఆయాసాన్నీ డస్ట్ ఎలర్జీ అనుకుని ఊరుకోవద్దు. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని గట్టిపరిచేస్తుంది, అది వేరే జబ్బు, ఎలర్జీ బిళ్లలతో తగ్గదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే.

నెల్లూరు వైపు కథ ఇంకోలా ఉంటుంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట, అల్లూరు అంతా వరి. గట్ల మీద గడ్డి పూత ఒకెత్తు, మార్చిలో కోత మిషన్లు దిగాక లేచే దుమ్ము ఇంకొకెత్తు. ఆ దుమ్ములో పుప్పొడి కన్నా బూజు రేణువులు ఎక్కువగా ఉంటాయి, ఎండిన ఆకుల మీద, గడ్డి మీద పెరిగే బూజులే, కోత వేళ అవి గాల్లోకి లేస్తాయి. సోమశిల ప్రాజెక్టు నీళ్లొచ్చిన ఏడు ఎడగారు, అంటే రెండో పంట వరి, కూడా వేస్తారు కాబట్టి అప్పుడు ఇంకోసారి. వానకి తడిసిన గడ్డివామి పీకినప్పుడు కూడా ఇదే. అయితే బూజుపట్టిన గడ్డి కదిలించిన కొన్ని గంటలకి చలిజ్వరం, పొడి దగ్గు, ఆయాసం కలిసి వస్తుంటే అది ముక్కు ఎలర్జీ కాదు, ఊపిరితిత్తుల లోపలికి వెళ్లిన ఇంకో రకం జబ్బు, డాక్టరుకి గడ్డి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి.

సముద్రం ఒడ్డున సర్వి తోపులున్నాయి, ప్రకాశంలో సరుగుడు అంటాం. సర్వికి పూత వచ్చినట్టు కూడా చాలామందికి తెలియదు, సన్నగా గోధుమరంగులో కొమ్మల చివర ఉంటుంది, పుప్పొడి మొత్తం గాలికే వదులుతుంది. ఒడ్డు గ్రామాల్లో తేమ ఎక్కువ, తేమ ఉన్నచోట పరుపుల్లో కంటికి కనపడని దుమ్ము పురుగులు బాగా పెరుగుతాయి. అందుకే నెల్లూరులో ఏడాది పొడుగునా తుమ్మేవాళ్లు ఎక్కువమంది కనపడతారు నాకు, మా ఊళ్లో అయితే సీజన్ తుమ్ములే ఎక్కువ. ఊరికి పోతే తగ్గుతోంది, నెల్లూరు వస్తే మొదలవుతోంది అంటే, లేదా దానికి తిరగబడి ఉంటే, అదే మీకు పెద్ద ఆధారం. ఇలాంటివి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ తారీఖున మొదలైంది, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, ఆ రోజు ఎక్కడికెళ్లారు, చుట్టుపక్కల ఏం పూస్తోంది, ఏం కోస్తున్నారు, వాన పడితే తగ్గిందా. ఒక్క ఏడాది రాస్తే చాలు, డాక్టరు దగ్గరికి ఆ పుస్తకం తీసుకెళ్తే ఆయన పని సగం అయిపోతుంది. విదేశాల్లో వాతావరణ వార్తలతో పాటు ఇవాళ పుప్పొడి ఎంత ఉందో కూడా చెప్తారు, మనకా సదుపాయం లేదు, కాబట్టి మన లెక్క మనమే రాసుకోవాలి.

పూల విషయంలో ఒక మాట. మల్లెలు, వేపపూత, తంగేడు వీటిని అందరూ అనుమానిస్తారు. రంగు, వాసన ఉన్న పూలు తేనెటీగల కోసం పూసేవి, వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో పెద్దగా ఎగరదు. మల్లెల ఘాటుకి ముక్కు మండొచ్చు కానీ అసలు దోషి సాధారణంగా ఎవరూ తలతిప్పి చూడని గడ్డిపూవే. ఈ నియమానికి లొంగనిది ఒకటుంది, వయ్యారిభామ. తెల్లటి చిన్న పూలు, క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు, 1950ల్లో పుణె దగ్గర మొదట కనపడింది, విదేశీ గోధుమలతో వచ్చిందంటారు, కాంగ్రెస్ గడ్డి అన్న పేరు కూడా ఉంది. దాని పుప్పొడి ముక్కుకి పడదు, మొక్క తగిలితే చర్మానికి పడదు, దద్దుర్లొచ్చి నల్లబడి తోలులా మందమైపోతుంది. ఒక్క మొక్క వేలకి వేలు గింజలు రాలుస్తుంది, మొలిచిన నెల రోజులకే పూతకొస్తుంది. కాబట్టి పీకేది పూతకి ముందే పీకాలి, చేతులకి తొడుగులు వేసుకుని వేర్లతో సహా. మన స్కూలు ఆవరణల్లో, పంచాయతీ స్థలాల్లో నవంబరులో ఒక రోజు పెట్టుకుని చేస్తే జనవరిలో పిల్లలకి ఎంత సుఖమో. పూత నిండుగా ఉన్నప్పుడు స్వచ్ఛత కార్యక్రమం పేరుతో పిల్లల చేతనే వట్టి చేతులతో పీకించడం చూస్తుంటే నాకు బాధేస్తుంది.

ఒంట్లో జరిగేది తెలిస్తే మందుల తేడా కూడా అర్థమవుతుంది. ఎలర్జీ గుణం ఉన్నవాళ్ల శరీరం పుప్పొడిని శత్రువు అనుకుని ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేసుకుంటుంది. అది ముక్కు పొరల్లో ఉండే మాస్ట్ కణాలకి అంటుకుని కాచుకుని ఉంటుంది. మళ్లీ అదే పుప్పొడి వచ్చి తగిలిన నిమిషాల్లో ఆ కణాలు హిస్టమిన్ వదులుతాయి, తుమ్ములు, దురద, నీళ్లు కారడం అన్నీ దాని పనే. కథ అక్కడితో అయిపోదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో దెబ్బ ఉంటుంది, ఇయోసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ముక్కులో చేరి వాపు పుట్టిస్తాయి. పొద్దున తుమ్మిన మనిషికి రాత్రికి ముక్కు దిబ్బడేసి నోటితో ఊపిరి పీల్చేది ఇందుకే. బిళ్ల మొదటి దెబ్బకి బాగా పనిచేస్తుంది, రెండో దెబ్బకి, అంటే దిబ్బడకి, అంతగా చేయదు. దానికి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే కావాలి. రక్తపరీక్ష చేసి ఇస్నోఫీలియా ఉంది అంటుంటారు కదా, ఈ కణాలే పెరిగాయని దానర్థం. ఎలర్జీలో పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి, ఫైలేరియాతో వచ్చే ఒక రకం దగ్గులో బాగా పెరుగుతాయి. కాబట్టి ఇస్నోఫీలియా అన్నది జబ్బు పేరు కాదు, ఎందుకు పెరిగాయో అడగాలి.

రొంపకీ దీనికీ తేడా చూడటం కష్టమేం కాదు. రొంపలో ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం, గొంతునొప్పి ఉండి వారం పదిరోజుల్లో వదులుతుంది. ఎలర్జీలో జ్వరం ఉండదు, దురద ఉంటుంది, ముక్కు నీరు తేటగానే ఉంటుంది, వారాల తరబడి సాగుతుంది. పిల్లల్ని చూస్తే ఇంకా తేలిక. కళ్ల కింద నల్లటి చారలు, అరచేత్తో ముక్కుని కింది నుంచి పైకి రుద్దడం, అలా రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా ఒక గీత. మా అక్క కూతురికి ఆ గీత ఉంది. పిల్లకి నిద్ర చాలక క్లాసులో తూగుతుంటే చదువు మీద శ్రద్ధ లేదనుకుంటారు, రాత్రంతా దిబ్బడేసిన ముక్కుతో ఎవరికి నిద్ర పడుతుంది చెప్పండి.

మా అక్క పడిన కష్టం ఇంకోటుంది. మన ఇళ్లల్లో ఎవరైనా బయటికి బయల్దేరుతుంటే తుమ్మకూడదు, తుమ్మితే వాళ్లు మళ్లీ లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్తారు. పొద్దున్నే ఆపుకోలేని తుమ్ములున్న కోడలికి ఇది ఎంత నరకమో ఆలోచించండి. మా బావ బ్యారన్ దగ్గరికి బయల్దేరే టైముకి అక్క వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది. అత్తగారు, "ఏందమ్మాయ్, పొద్దన్నే నీ తుమ్ములు! ఎల్లేవాడికి ఎదురు తుమ్ములా?" అనేది. ఆమె చెడ్డ మనిషేం కాదు, ఆమెకి తెలిసింది అది. ఈఎన్‌టీ డాక్టరు అత్తగారిని కూడా కూర్చోబెట్టి ఇది జబ్బమ్మా, శకునం కాదు అని చెప్పాక ఆమే మందు వేసుకున్నావా అని గుర్తుచేయడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరికి ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి అని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. ఊళ్లల్లో తుమ్ములని వెళ్తే దొరికే వైద్యం ఎప్పుడూ ఒకటే, ఒక ఇంజెక్షన్, మూడు రోజుల యాంటీబయాటిక్, ఒక పొట్లంలో పేరులేని బిళ్లలు. సాయంత్రానికే మంత్రం వేసినట్టు తగ్గుతుంది, ఆ చేతివాసి మంచిదని పేరొస్తుంది. ఆ ఇంజెక్షన్లో ఉండేది చాలాసార్లు స్టెరాయిడే. యాంటీబయాటిక్‌కి ఇక్కడ పనే లేదు, పుప్పొడి బాక్టీరియా కాదు. స్టెరాయిడ్ ఒంట్లోకి ఎక్కించుకుంటూ నెలకోసారి, రెండు నెలలకోసారి పోతుంటే షుగర్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది, శరీరం సొంతంగా తయారుచేసుకోవాల్సిన స్టెరాయిడ్ తగ్గిపోతుంది. అసలే షుగర్ ఉన్నవాళ్లు ఇంటింటా ఉన్నారు. ముక్కు జబ్బుకి ఒంటికంతా ఇంజెక్షన్ ఎందుకు? ఏం ఇంజెక్షన్ చేస్తున్నారో పేరు అడిగి రాయించుకోండి, అడగడం మన హక్కు.

స్ప్రే పేరెత్తితే మాత్రం అమ్మో స్టెరాయిడా అని భయపడతారు! ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటివి ముక్కులో కొట్టుకుంటే రక్తంలోకి వెళ్లేది ఒకటి రెండు శాతం లోపే. పని ముక్కు పొర మీదే చేస్తాయి. రోజూ దిబ్బడతో ఉండేవాళ్లకి ఇంతకన్నా బాగా పనిచేసే మందు లేదు. కాకపోతే అది ఈరోజు కొడితే ఈరోజే తగ్గేది కాదు, పూర్తి గుణం కనపడటానికి రెండు వారాల దాకా పడుతుంది, అందుకే సీజన్‌కి ముందే మొదలుపెట్టమనేది, అందుకే క్యాలెండర్. చాలామంది నాలుగు రోజులు కొట్టి పనిచేయలేదని పక్కన పడేస్తారు. కొట్టే పద్ధతి కూడా ముఖ్యం. ముందు ముక్కు చీదుకోండి, తల కొద్దిగా కిందికి వంచండి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి, అప్పుడు మందు ముక్కు మధ్య గోడకి కాకుండా బయటి వైపు పడుతుంది. గోడకి పడితే రక్తం చారలొస్తాయి. గట్టిగా ఎగపీల్చకండి, గొంతులో చేదు తగిలిందంటే మందు అసలు చోటు దాటి మింగేశారన్నమాట. పిల్లలకి నెలల తరబడి వాడితే డాక్టరు ఎత్తు కొలిచి చూస్తుంటారు, అది మామూలు జాగ్రత్తే.

బిళ్లల్లో పాత రకం, అవిల్, సీపీఎం లాంటివి బాగా మత్తు. అవి వేసుకుని బండి నడపకూడదు, ట్రాక్టరు, కోత మిషన్ అసలు వద్దు. సెట్రిజిన్, లివోసెట్రిజిన్ కొంత నయం కానీ కొందరికి వాటితో కూడా మత్తు వస్తుంది. ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్, బిలాస్టిన్‌తో మత్తు తక్కువ. ఫెక్సోఫెనడిన్ నీళ్లతోనే వేసుకోవాలి, నారింజ, యాపిల్ లాంటి పండ్ల రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. పదో తరగతి పరీక్షలు మార్చిలో, మన వైపు కోతలూ చెట్ల పూతా మార్చిలోనే, ఆ టైములో పిల్లలకి మత్తు బిళ్ల వేసి పరీక్షకి పంపడం అన్యాయం. ఫిబ్రవరి నెలలోనే డాక్టరుకి చూపించి స్ప్రే మొదలుపెడితే పరీక్షల్లో చేతిరుమాలు పట్టుకుని కూర్చోవాల్సిన పని ఉండదు. ఇంకొకటి, మాంటెలుకాస్ట్ కలిసిన బిళ్లలు మన దగ్గర చాలా ధారాళంగా రాస్తారు. 2020 మార్చిలో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది, పీడకలలు, దిగులు, చనిపోవాలన్న ఆలోచనల దాకా కొందరిలో వచ్చాయని, ముక్కు ఎలర్జీ ఒక్కదానికే అయితే మిగతా మందులు పనిచేయనప్పుడే వాడమని. పిల్లల ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ఈ సంగతి డాక్టరుకి చెప్పండి. ఉబ్బసానికి వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

దిబ్బడకి వేసుకునే చుక్కల మందు ఉంది చూశారూ, ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్, వేసిన ఐదు నిమిషాలకి ముక్కు తెరుచుకుంటుంది, అందుకే అందరికీ ఇష్టం. మూడు నుంచి ఐదు రోజులకి మించితే అదే ముక్కుని మూసేయడం మొదలుపెడుతుంది. మా బావకి అది జేబులో లేకపోతే టెన్షన్, నిద్రపోయేముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, ఏళ్లు అయిపోయింది. స్ప్రే వాడుతూ ఒక్కో ముక్కు వంతున మాన్పించారు డాక్టరు. ముక్కు దూలం వంకర ఉందని ఆపరేషన్ చేయించుకున్నా ఎలర్జీ పోదు, దారి వెడల్పవుతుందంతే, దానికోసమే చేయించుకోవాలి.

ఖర్చు లేనిది ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. జలనేతి అని యోగాలో ఉన్నదే. పావు లీటరు నీళ్లకి అర చెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్లు మాత్రం మరగకాచి చల్లార్చినవే కావాలి. బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, చివరికి ఆర్‌ఓ క్యాన్ నీళ్లు కూడా వద్దు, మెదడుకి పట్టే అమీబా గురించి కేరళ వార్తలు వినే ఉంటారు, అది లోపలికి పోయేది ముక్కు నుంచే. పొలం నుంచి వచ్చాక స్నానం చేసి, తల తడిపి, బట్టలు మార్చి, ముక్కు కడుక్కుంటే ఆ రాత్రి ఎలా పడుతుందో నిద్ర, చేసి చూడండి. జామాయిల్ ఆకుల ఆవిరి, వాము పొట్లం హాయిగా ఉంటాయి, పట్టుకోండి, కానీ ఘాటు వల్ల ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే గానీ ఎలర్జీ తగ్గదు. చిన్నపిల్లలకి మరిగే గిన్నె ముందు ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలిపోతుంది.

ఇంట్లో ప్రమాదకరమైన రోజు సంక్రాంతి ముందు ఇల్లు దులిపే రోజు. అటక మీద సామాను దించి, బూజులు కొట్టి, పరుపులు దులిపి, ఆ మర్నాడో మూడోనాడో భోగిమంట పొగ. ఎలర్జీ ఉన్నవాళ్లని ఆ పని నుంచి తప్పించండి, ఆ పూట పక్కింట్లో కూర్చోనివ్వండి. ఆడవాళ్లకి తప్పదంటారా, మగవాళ్లు దులపొచ్చు. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 60 డిగ్రీల దాకా, ఉతికితే దుమ్ము పురుగులు చస్తాయి. పరుపు ఎండలో వేయడం మంచిదే, పురుగులు ఎండుతాయి, కానీ వాటి విసర్జన అక్కడే ఉంటుంది, మనకి పడనిది అదే, కాబట్టి పరుపుకీ దిండుకీ జిప్పు కవర్లు వేయాలి. నెల్లూరు దోమల గురించి చెప్పక్కర్లేదు కానీ మూసిన గదిలో దోమల చక్రం వెలిగించే బదులు దోమతెర కట్టుకోండి.

పథ్యం మాట అడుగుతారు. వంకాయ, గోంగూర, పెరుగు, అరటిపండు, చేపలు అన్నీ మానేసి నీరసపడిపోయినవాళ్లు నాకు తెలుసు. పుప్పొడి ఎలర్జీకి చేపల పులుసు మానాల్సిన పని లేదు. ఏదైనా తిన్న వెంటనే మీకు ప్రతిసారీ దద్దుర్లో, పెదాల వాపో వస్తే అది మానండి, అంతే.

అసలు ఏది పడదో తేల్చుకోవడానికి చర్మం మీద చుక్కలు వేసి సూదితో గుచ్చే పరీక్ష ఉంది. దానికి వెళ్లేముందు డాక్టరు చెప్పినన్ని రోజులు, సాధారణంగా వారం, ఎలర్జీ బిళ్లలు ఆపాలి, లేకపోతే ఫలితం తప్పొస్తుంది. మొత్తం ఐజీఈ ఎక్కువుందన్న రక్తపరీక్ష ఒక్కదానితో ఏది పడదో తెలియదు. పరీక్షలో వచ్చిందీ మీ నోటుపుస్తకంలో ఉన్నదీ కలవాలి, కలవకపోతే పరీక్ష కాగితం పట్టుకుని భయపడొద్దు. మందులతో లొంగనివాళ్లకి ఇమ్యునోథెరపీ ఉంది, పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కింద చుక్కలుగానో ఇచ్చి శరీరానికి అలవాటు చేయడం, 1911లో లండన్‌లో లియోనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టాడు. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, అనుభవం ఉన్న డాక్టరు దగ్గరే చేయించుకోవాలి, ప్రతి ఇంజెక్షన్ తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈఎన్‌టీ ఓపీ ఉంటుంది, మొదటి అడుగు అక్కడ వేయొచ్చు. గర్భిణులు ఏ బిళ్లయినా డాక్టరుని అడిగాకే వేసుకోవాలి. ఒక పక్క ముక్కే ఎప్పుడూ మూసుకుపోవడం, రక్తం రావడం, వాసన పూర్తిగా పోవడం ఉంటే ఎలర్జీ అనుకుని ఆలస్యం చేయకూడదు.

ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్నది ఒకటే దారి. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ముక్కు ఎలర్జీ కూడా ఉంటుంది, ముక్కుని పట్టించుకోకపోతే ఉబ్బసం కూడా అదుపులో ఉండదు. తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, పరిగెత్తితే ఛాతీ బిగుసుకుపోవడం కనిపిస్తే వెంటనే చూపించండి. మా ఊళ్లో ఇంకా, ఇన్‌హేలర్ అలవాటైతే ఇక వదలదు, పెళ్లి సంబంధాలు రావు అని ఆడపిల్లలకి దాచిపెట్టి వాడిస్తున్నారు, లేదా మాన్పించి మృగశిర కార్తెకి చేపమందు కోసం హైదరాబాద్ తీసుకెళ్తున్నారు. చేపమందు మీద ఎవరి నమ్మకం వాళ్లది, కానీ దాని కోసం ఇన్‌హేలర్ ఆపొద్దు. ఇన్‌హేలర్‌లో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకి పోతుంది. పిల్లలకి స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, పెట్టి కొడితే ఇంకా బాగా అందుతుంది. ఎవరైనా మాట పూర్తిచేయలేనంత ఆయాసపడుతుంటే, పెదాలు నీలంగా మారుతుంటే, రిలీఫ్ ఇచ్చే ఇన్‌హేలర్ కొట్టినా తగ్గకపోతే ఆవిరి, కషాయం అని చూడకుండా కూర్చోబెట్టి ఇన్‌హేలర్ కొడుతూనే 108కి ఫోన్ చేయండి.